ఊపిరికి సరిపడా ఎండ

హోర్షమ్,
మే మొదటి వారం

లోరెయిన్‌కి,

గుమ్మడికాయ సూపు గిన్నె పట్టుకుని మీ గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. బెల్లు కొట్టాను. తలుపు బాదాను. చివరికి పక్కింటి మావిస్ గోడ మీంచి తల పైకెత్తి, "వాళ్ళు బండేసుకుని పోయారుగా, మీకు చెప్పలేదా?" అంది. ఆ ముఖంలో సంబరం నువ్వు చూడాలి! నా సొంత తమ్ముడు క్లైవ్ ఊరు దాటిన సంగతి నాకు మావిస్ చెప్పాలా?

క్వార్న్ పోస్టాఫీసుకి రాస్తే నీకందుతుందని కూడా తనే చెప్పింది. ఇంకా ఎడారిలోకి పోతారట. ఇల్లూ బండీ ఒకటే కదా, ఎక్కడ ఆగితే అక్కడే కాపురం అని నవ్వుతోంది.

ఊపిరితిత్తుల నిండా రాతి పొడి ఉన్న మనిషి వాడు. ముక్కుకి గొట్టం లేకుండా రాత్రి నిద్రపోలేడు. ఆ గొట్టానికి ఆక్సిజన్ ఇచ్చే మిషను కరెంటు మీద నడుస్తుంది. కరెంటు గోడలోని ప్లగ్గు నుంచి వస్తుంది. ఎడారిలో గోడ ఎక్కడుందో చెప్పు.

వాడికి బుద్ధి లేదని నాకు తెలుసు, అమ్మ పోయాక పెంచింది నేనే కదా. నీకుందనుకున్నాను.

ఫోన్ చేయకు. నా చెవులకి ఫోనులో సగం మాటలు అందవు, మిగతా సగం నువ్వు మింగేస్తావు. కాగితం మీద రాయి.

ఎనిడ్

*

క్వార్న్,
మే మధ్యలో

వదినగారికి,

చెప్పకుండా వచ్చిన మాట నిజమే. చెప్తే మీరు చక్రాల ముందు పడుకునేవారు. సూపు వృథా అయినందుకు మాత్రం బాధగానే ఉంది.

ఎప్పుడూ ఎండి ఉప్పు తేలి ఉండే ఐర్ సరస్సుకి నీళ్ళొస్తున్నాయండీ. ఎక్కడో క్వీన్స్‌లాండ్‌లో కురిసిన వానంతా ఎండిపోయిన వాగుల్లో పడి నెమ్మదిగా దిగుతోందని రేడియోలో విన్న దగ్గర్నుంచి మీ తమ్ముడు తిండి సరిగ్గా ముట్టలేదు. పందొమ్మిదేళ్ళ వయసులో అక్కడ రైలు పట్టాల ముఠాలో పనిచేసి, ఉప్పు తప్ప ఏమీ చూడలేదట. సరస్సు నిండే ముందే బదిలీ చేశారట. ఆ కథ మీరూ నేనూ ఎన్ని క్రిస్మస్‌లకి విన్నామో! ఈసారి చూడకపోతే మళ్ళీ ఎప్పుడు నిండుతుందో, నిండినా ఎవరుంటారో. ఆ మాట ఆయన అనలేదు, నేనే అనుకున్నాను.

ఇక గోడ సంగతి. మా గోడ పైకప్పు మీద ఉంది. అక్కడ సోలార్ పలకలు, మంచం కింద రెండు బ్యాటరీలు. పగలు ఎండ నింపుతుంది, చీకటి పడ్డాక మేం వాడుకుంటాం. వాననీళ్ళ ట్యాంకు లాంటిదే. ఎంత నిండిందో చూసుకుని పంపు తిప్పాలి. ఇదివరకు ఇదంతా ఆయనే చూసేవారు. ఇప్పుడు మంచం కిందికి వంగితే లేవడానికి ఊపిరి చాలదు. అందుకని వంగేది నేను, మంచం మీద కూర్చుని అజమాయిషీ ఆయనది.

"ఆ ఎర్ర తీగ ముట్టుకోకు!"

"ఏది ఎర్రది? రెండూ దుమ్ము రంగులోనే ఉన్నాయి."

"అయితే రెండూ ముట్టుకోకు."

"మరి నేను కిందికి దూరిందెందుకు?"

ఇలా నేర్చుకుంటున్నాను. ఇన్వర్టర్ అని ఒక పెట్టె ఉంది, బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చి ఇస్తుంది. దానికి ఏమీ తగిలించకపోయినా, స్విచ్చి వేసి ఉన్నందుకే కొంత తినేస్తుంది. అది తెలిసిన రోజున నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు మీ తమ్ముడి మిషనుకి తిన్నగా బ్యాటరీ నుంచే తీగ లాగాం. మధ్యలో దళారీ లేడు.

ఆయన రాత్రిళ్ళు మాత్రమే మిషను పెట్టుకుంటున్నారు. పగలు కులాసాగా ఉన్నారు. మీరు బెంగ పెట్టుకోకండి. తర్వాతి ఉత్తరం మారీ పోస్టాఫీసుకి రాయండి.

మీ మరదలు
లోరెయిన్

*

హోర్షమ్,
మే చివర

లోరెయిన్‌కి,

నీ ట్యాంకు పాఠం బాగుంది. ఒక్క ప్రశ్న. మబ్బు పడితే?

వానాకాలంలో బట్టలే ఆరవు. నువ్వు మొగుడి ఊపిరిని తెచ్చి ఎండకి కట్టావు. జూన్ వస్తోంది, మనకి చలికాలం, పొద్దు పొట్టిదైపోతుంది. ఆసుపత్రిలో కరెంటు పోతే ఆ గదిలో ఎవరి ముఖం ఎలా మారుతుందో నర్సుగా నేను కళ్ళారా చూసినదాన్ని. అక్కడ కింద ఒక పెద్ద జనరేటర్ ఉండేది, ఒకతను దాని దగ్గరే కూర్చునేవాడు. నీకెవరున్నారు?

క్వార్న్‌లోనో పోర్ట్ అగస్టాలోనో కరెంటున్న క్యాంపు చూసుకుని అక్కడే ఉండండి. సరస్సు ఫోటోలు పేపర్లో వేస్తున్నారు, కత్తిరించి పంపిస్తా.

ఎనిడ్

*

మారీకి ఉత్తరాన, సరస్సు దారిలో,
జూన్ మొదట్లో

వదినగారికి,

ఫోటోలు పంపకండి. వాటిలో ఉప్పు వాసన రాదని మీ తమ్ముడు చెప్పమన్నారు.

మేం ఒక చదునైన మైదానంలో ఆగాం. మాతోపాటు నాలుగైదు బండ్లున్నాయి. సరస్సు ఇంకా ముందుకి ఉంది. అక్కడికి మట్టి దారి, గతుకులుగా ఉంటుంది. ఇక్కడ కాస్త బలం పుంజుకుని వెళ్దామన్నారు.

మీరన్నట్టే పొద్దు పొట్టిది. సూర్యుడు ఉత్తరాన వాలుగా, ఒళ్ళు బద్ధకించినవాడిలా నడుస్తాడు. పైకప్పు మీద పలకలు చాప పరిచినట్టు పడుకుంటే వాటికి సగమే అందుతుంది. అందుకని పొద్దున్నే నిచ్చెనెక్కి, అడ్డకర్రలు పెట్టి వాటిని ఉత్తరానికి ఎత్తి నిలబెడుతున్నాను. ఎర్ర దుమ్ము పొర పడితే పొడి గుడ్డతో తుడుస్తున్నాను. కింద నుంచి ఆయన "ఎడమ మూల, ఎడమ మూల" అని అరుస్తారు. నా వయసులో నిచ్చెన మీద నన్ను చూసి పక్క బండివాళ్ళు ముందు నవ్వారు, తర్వాత వాళ్ళూ ఎక్కారు.

టీకి నీళ్ళు గ్యాసు మీదే. వేడి నీళ్ళ సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకుంటున్నాం. దీపం ఒక్కటే. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ రేడియోలో వింటున్నారు. టీవీ అడిగారు, నేను కుదరదన్నాను. ఆయన ఆ రోజంతా నన్ను "మేనేజరు గారూ" అని పిలిచారు.

ఒక గొడవ కూడా అయింది. డారిల్ అని ఒకాయన ఉన్నాడు, గడ్డం, పెద్ద పొట్ట. సూర్యుడు నెత్తి మీద ఉండగానే జనరేటర్ వేసుకుని టీవీ చూస్తాడు. ఆ చప్పుడికి మీ తమ్ముడికి కునుకు పట్టడం లేదు. వెళ్ళి, "అయ్యా, ఇంత ఎండ పెట్టుకుని ఆ దరిద్రపు మిషనెందుకు? ఇక్కడికి జనం నిశ్శబ్దం కోసం వచ్చారు" అన్నాను. అతను, "నిశ్శబ్దం కావాలంటే శ్మశానానికి వెళ్ళమ్మా" అన్నాడు. అప్పట్నుంచి మాటల్లేవు.

ఒక్కటే చికాకు. పగలు ఫ్రిజ్ కూడా చాలాసేపు ఆపేస్తున్నాను, ఎండ కూడా బాగానే ఉంది, అయినా సాయంత్రానికి బ్యాటరీ నిండటం లేదు. పలకల్లోనే ఏదో లోపం ఉండుంటుంది. చూస్తాను.

లోరెయిన్

*

హోర్షమ్,
జూన్

లోరెయిన్,

పలకల్లో లోపం లేదు. నీ ఉత్తరంలో ఉంది.

కరెంటు గురించి నాకు తెలిసిందంతా నువ్వు నేర్పిందే. ఎండ బాగుంది, ఫ్రిజ్ ఆపావు, టీవీ లేదు, పొయ్యి గ్యాసుది. మరి పగలంతా నీ ట్యాంకు నుంచి తాగుతున్నదెవరు? క్లైవ్ మిషను పగలు కూడా నడుస్తోంది. అవునా కాదా?

వాడికి పగటిపూట కునుకులు కూడా కావాలని నువ్వే రాశావు. నేను ఆసుపత్రిలో ముసలిదాన్నయ్యాను, లోరెయిన్. పగలు మగతగా పడుకునే ఊపిరితిత్తుల రోగి అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నువ్వు దాచావు కాబట్టి నేనూ దాచింది చెప్తాను. ఇక్కడి వృద్ధుల నర్సింగ్ హోములో వాడి పేరున ఒక గది పెట్టించాను. కిటికీ తూర్పుకి. మంచం పక్కన గోడలోనే ఆక్సిజన్ వస్తుంది, మబ్బుతో పని లేదు. జూలై వచ్చేదాకా ఇంకెవరికీ ఇవ్వం అన్నారు. వాణ్ణి తీసుకురా.

ఎనిడ్

*

అదే చోటు,
జూన్

ఎనిడ్ గారికి,

అవును. పగలు కూడా నడుస్తోంది. హోర్షమ్‌లో బయల్దేరేనాటికే నడుస్తోంది. డాక్టరుగారికి తెలుసు. కరెంటు ఏర్పాటు ఉంటే వెళ్ళమన్నారు. మీకు చెప్పకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. గది పెట్టించడానికి మీకు ఎవరినీ అడగాల్సిన అవసరం కలగలేదు. ఆ గదిలో ఉండాల్సిన మనిషిని కూడా.

ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. "కిటికీ తూర్పుకా? అక్కకి నేను పొద్దున్నే లేవనని తెలుసే" అని నవ్వారు. ఆ తర్వాత చేతిలోని కప్పు పక్కన పెట్టేశారు. టీ చల్లారిపోయింది.

మేం సరస్సు చూస్తాం. దానికి ఎంత కరెంటు కావాలో అంత నేను పోగుచేస్తాను. ఈ ఉత్తరం మారీ వైపు వెళ్తున్న వాళ్ళకిచ్చి పంపిస్తున్నాను.

లోరెయిన్

*

సరస్సు ఒడ్డున,
జూన్ చివర

వదినా,

ఇది కూర్చుని నెమ్మదిగా చదువు. ముందే చెప్తున్నాను, క్లైవ్ బతికే ఉన్నారు, నా పక్కనే బిస్కెట్ తింటున్నారు.

నువ్వు అడిగిన మబ్బు వచ్చింది.

నా కోపపు ఉత్తరం వెళ్ళిన మర్నాడే మొదలైంది. ఈ నేల మీద వాన పడితే మట్టి జిగురైపోతుంది, చెప్పులతో సహా మనిషిని పట్టుకుంటుంది. అటూ ఇటూ దారులు మూసేశారు. పలకల మీద నీళ్ళు కారుతున్నాయి తప్ప ఒక్క చుక్క కరెంటు రావడం లేదు. బ్యాటరీ దగ్గర చిన్న అద్దంలో శాతం కనబడుతుంది కదా, అది దిగుతూనే ఉంది. డెబ్బై, అరవై, యాభై.

నేను ఒక్కొక్కటీ పీకేశాను. ఫ్రిజ్ ఆపి, ఉన్న మాంసమంతా వండి పక్క బండ్లకి పంచేశాను. నీళ్ళ పంపు ఆపి డబ్బాలోంచి వంచుకున్నాం. దీపం ఆపి కొవ్వొత్తి అన్నాను, మళ్ళీ ఆక్సిజన్ దగ్గర నిప్పేమిటని నన్ను నేనే తిట్టుకుని చీకట్లో కూర్చున్నాం. గ్యాసు పొయ్యి కూడా బయట గొడుగు కిందే. రేడియో తీగ పట్టుకున్నాను.

"రేడియో కూడానా? ఇవాళ శనివారం!"

"మ్యాచ్ కావాలా, ఊపిరి కావాలా?"

"స్కోరెంతో చెప్పు, ఆలోచిస్తాను."

ఆయన్ని మంచం దిగనివ్వలేదు. కదిలితే ఊపిరి ఎక్కువ కావాలి, ఊపిరి ఎక్కువైతే మిషను ఎక్కువ తాగుతుంది. ఇంజను నడిపితే కొంత నిండుతుంది, నడిపాను. కానీ నిలబెట్టి నడిపితే వచ్చేది కొంచెమే, ట్యాంకులో డీజిలేమో మారీ దాకా వెళ్ళడానికి కావాలి. చిన్న ఆక్సిజన్ సిలిండరు ఒకటుంది, అది ఆఖరికి. పక్క బండాయన దగ్గరున్న మాట్లాడే రేడియోలో, మారుమూలలకి ఎగిరొచ్చే డాక్టర్ల విమానం వాళ్ళతో మాట్లాడాం. పాపం వాళ్ళు రావడానికి సిద్ధమే, కానీ దగ్గర్లోని విమానం దిగే చోటంతా బురద. నేల ఆరగానే వస్తాం, అందాకా మనిషిని కదపకండి, ఆక్సిజన్ ఆపకండి అన్నారు.

ముప్ఫై కిందికి దిగింది. ఆ వేళప్పుడు ఆయన నా చేయి పట్టుకుని, "లోరెయిన్, కాసేపు తీసేద్దాం. నేను ఊరికే పడుకుంటా, మిగులుతుంది కదా" అన్నారు. తీసేసి చూశాం, వదినా. పెదవులు రంగు మారాయి. నువ్వు చెప్పిన ఆసుపత్రి ముఖాలు నాకు అప్పుడు అర్థమయ్యాయి. గొట్టం మళ్ళీ పెట్టి, ఆయన వద్దంటున్నా రెయిన్‌కోటు తగిలించుకుని డారిల్ బండి దగ్గరికి వెళ్ళాను.

రెండుసార్లు పడ్డాను. తలుపు తీసేసరికి నేను ముఖం దాకా ఎర్ర మట్టి.

"ఏమ్మా, నిశ్శబ్దం చాలిందా?" అన్నాడు.

"చాలింది. నీ దరిద్రపు మిషను నాకు కావాలి. మా ఆయన ఊపిరి దాని మీద ఉంది."

అతని ముఖం మారిపోయింది. "ఆ మనిషి ఊపిరితో ఇబ్బంది పడుతున్నాడని ఆ రోజు చెప్పి ఏడవొచ్చుగా! చప్పుడు చేయకపోదును" అన్నాడు. నేనేం చెప్పను? చెప్పడం నాకు చేతకావడం లేదు, నీకు కూడా చెప్పలేదుగా.

ఆ జనరేటర్ని గుండెకి హత్తుకుని, మోకాలిలోతు బురదలో, తిడుతూ తిడుతూ మోసుకొచ్చాడు. వాన పడకుండా తన గుడారం గుడ్డ కట్టాడు. పొగ లోపలికి రాకుండా గాలివాటానికి దూరంగా పెట్టాడు. తాడు లాగగానే అది బర్రుమంది. వదినా, ఆ చప్పుడంత కమ్మని చప్పుడు నేను వినలేదు. క్లైవ్ లోపల్నుంచి, "డారిల్, దాన్ని కాస్త ఆపుతావా, ఇక్కడ నిద్ర పడుతోంది!" అని అరిచారు. ఆయన గుక్క తిప్పుకోడానికి ఇబ్బంది పడుతూనే అరిచారు. డారిల్ బురదలో కూర్చుని నవ్వాడు.

కానీ అతని దగ్గర పెట్రోలు కొంచెమే ఉంది. మాది డీజిలు బండి, మిగతావాళ్ళవీ అవే. జర్మనీ నుంచి వచ్చిన ఒకమ్మాయి చిన్న పెట్రోలు కారులో ఒంటరిగా తిరుగుతోంది. మాట్లాడకుండా ట్యాంకులో గొట్టం వేసి, తను ఊరు చేరడానికి ఉంచుకోవాల్సింది కూడా తీసి ఇచ్చేసింది. "దారి తెరిస్తే మీరే నన్ను లాక్కెళ్ళండి" అంది. అలా జనరేటర్‌ని కొంచెం కొంచెంగా నడిపాం. నిండుతున్నంతసేపు నేను ఆ అద్దం ముందు నుంచి కదల్లేదు. యాభై దాటాక కూర్చుని ఏడ్చాను.

చివరికి ఒక ఉదయం మబ్బు పలచబడింది. నిచ్చెన మీద నేను, కింద డారిల్, మంచం మీంచి "ఎడమ మూల" అని ఆయన.

విమానం వాళ్ళు నేల ఆరాక వచ్చి చూశారు. వెంట వస్తారా అని అడిగారు. "సరస్సు చూశాక వస్తాను" అన్నారు ఈయన. ఆ డాక్టరమ్మ చాలా చిన్నది. నన్ను పక్కకి పిలిచి బ్యాటరీ గురించి అడిగింది. నేను చెప్పిందంతా విని, ఇంకో సిలిండరు ఇచ్చి వెళ్ళింది.

దారి తెరిచాక డారిల్ బండి వెంట నెమ్మదిగా ఇక్కడికి వచ్చి, ఇవాళ చూశాం. భుజానికి మోసుకెళ్ళే మిషను తగిలించుకుని, ఒక పక్క నన్ను, ఒక పక్క డారిల్‌ని పట్టుకుని ఒడ్డు దాకా నడిచారు. నీళ్ళు ఆకాశం దాకా ఉన్నాయి, లేత గులాబీ రంగులో. పెలికాన్ పక్షులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పడ్డాయి. ఆయన ఈ చివర్నుంచి ఆ చివర దాకా చూశారు. తర్వాత, "జీవితమంతా జనానికి ఇక్కడ ఉప్పు తప్ప ఏమీ లేదని చెప్పాను. ఎంత పెద్ద అబద్ధం!" అన్నారు. చెప్పులు విప్పమన్నారు. విప్పాను. నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కుర్చీలో కూర్చుని, "అక్కకి రాయి, నీళ్ళు చల్లగా ఉన్నాయని" అన్నారు.

చల్లగా ఉన్నాయి, వదినా.

లోరెయిన్

*

హోర్షమ్,
జూలై

లోరీ,

ఉత్తరం చదివాక కాఫీ పెట్టుకుని మళ్ళీ చదివాను. మావిస్‌కి చూపించలేదు.

గది వదిలేశాను. ఫోన్లో ఆ అమ్మాయి ఏమందో సరిగ్గా వినపడలేదు. నేను చెప్పాల్సింది చెప్పి పెట్టేశాను.

ఇప్పుడు అక్కగా కాదు, నర్సుగా చెప్తున్నా. పెదవులు రంగు మారిన మనిషిని తప్పకుండా పోర్ట్ అగస్టాలో చూపించాలి. ఎక్కడ ఉండాలన్నది వాడిష్టం. ఎంత ఊపిరి మిగిలిందో మాత్రం మీరిద్దరూ తెలుసుకోవాలి. నీ బ్యాటరీకి చేసినట్టే.

ఆ డారిల్‌కి నా తరఫున ఒక కేకు ఇవ్వు. కొనివ్వు, నువ్వు చేయకు.

ఎనిడ్

*

పోర్ట్ అగస్టా,
జూలై

వదినా,

చూపించాను. ఊపిరితిత్తుల బలం ఇంకా దిగిందట. మిషను ఇకమీదట ఎక్కువ జోరులో నడవాలి. ఎన్నాళ్ళని అడిగితే, చలికాలం దాటొచ్చు, దాటకపోవచ్చు, అన్నారు. క్లైవ్ పక్కనే ఉన్నారు. తన ఎదుటే చెప్పమని ఆయనే అడిగారు.

ఇక్కడ కరెంటున్న క్యాంపులో దిగాం. గోడలో ప్లగ్గు, కావాలన్నంత కరెంటు. ఎలక్ట్రిక్ కెటిల్‌లో టీ పెట్టుకున్నాం. పక్కన అంతా సిమెంటు, మీద వీధి దీపం. ఆయన కిటికీలోంచి చూసి, "ఇక్కడ ఆకాశం కనబడదేం?" అన్నారు. తర్వాత, "ఫ్లిండర్స్ కొండల దగ్గరికి పోదాం లోరీ. ఆ సాయంత్రపు ఎరుపు చూస్తూ ఉంటాను, ఎన్నాళ్ళయితే అన్నాళ్ళు. నీకు కుదురుతుందా?" అని అడిగారు. కుదురుతుందా అని అడిగారు, వదినా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను అలా అడగడం ఇదే మొదలు.

కుదురుస్తాను. మిషను ఎక్కువ జోరులో నడిస్తే ఎంత కావాలో చూశాను. పైకప్పు ఒక్కటే చాలదు. అందుకని ఇంకో బ్యాటరీ పెట్టించాను, సూట్‌కేసులా మడతపెట్టి నేల మీద పరిచే పలకలు తీసుకున్నాను, మా సొంత జనరేటర్ ఒకటి, చప్పుడు తక్కువది. క్యాంపు కొండల్లో దట్టమైన చెట్లు లేని చోట చూసుకున్నాం, ఊరు కూడా దగ్గరే. మబ్బు పట్టినా సరిపోతుంది. ఈ విషయం నేను ధైర్యంగా చెప్పగలను.

చెప్పలేనిది ఇంకోటుంది. కరెంటు ఎంతుందో అద్దంలో చూసి చెప్పగలను గానీ ఆయన ముఖం చూసి చెప్పలేను. వేళ్ళు చల్లబడితే భయపడాలో, దుప్పటి కప్పాలో తెలీదు. నొప్పికి ఏది ఎప్పుడివ్వాలో తెలీదు. ఆ రోజు పెదవులు చూసినప్పుడు నాకు కావాల్సింది నువ్వు.

డ్రైవరు సీటుకి పైన, కప్పు కింద ఒక మంచం ఉంది. ఎక్కడానికి చిన్న నిచ్చెన, నా కన్నా నీ మోకాళ్ళే నయం. నువ్వు మనిషిని చూసుకో, నేను మిషను చూసుకుంటాను. రా. ఈసారి ముందే అడుగుతున్నాను.

లోరీ

*

హోర్షమ్,
జూలై

లోరీ,

గురువారం బస్సు. అడిలైడ్‌లో మారాలి, శుక్రవారానికి పోర్ట్ అగస్టాలో దిగుతాను. ఉత్తరం ముందు చేరుతుందో నేను ముందు చేరుతానో తెలీదు. అందుకని మావిస్ చేత నీ ఫోనుకి కూడా చెప్పిస్తున్నాను. దాని సంబరం చూడాల్సిందే. ఇంటి తాళం దానికే ఇచ్చి వస్తున్నాను.

బీపీ చూసేది, స్టెతస్కోపు, నా మందులు, ఉన్ని బట్టలు సర్దుకున్నాను. హెయిర్ డ్రయ్యరు సంచిలో పెట్టి, ఆలోచించి, బయటికి తీశాను. చెవి మిషనుకి చిన్న బిళ్ళ బ్యాటరీలు నావి నేనే తెచ్చుకుంటున్నా, నీ ట్యాంకు మీద పడను.

వాడికి చెప్పు, నేను వచ్చాక పొద్దున్నే లేవాలి. మూలుగులు వినను. నాకు సగం వినపడవు కూడా.

బస్టాండులో టీలూ కబుర్లూ వద్దు. నన్ను ఎక్కించుకుని తిన్నగా కొండలకి పోనివ్వు. ఎండ ఉండగానే పలకలు పరవాలి.

ఎనిడ్